నామం కోడి కోడి కాదు

1. సోమవారం. మొదటి నడక.

శరదృతువు ఈ ఉదయం ఆరు గంటలకు మొదలైందని ఋతువుల శాఖ ప్రకటించింది. నిరుడు ప్రకటించడం మరిచిపోయారు. వానల్లోంచి తిన్నగా ఎండల్లోకి వెళ్లిపోయాం. ఈసారి మంత్రిగారే స్వయంగా మీట నొక్కారు. నేను అరుగు మీదికి వచ్చి చూశాను. నొక్కకముందు ఎంత ఉక్కపోతో నొక్కాక కూడా అంతే. అయినా ప్రభుత్వం చెప్పింది కనుక శరత్తు వచ్చింది.

శరత్తు వచ్చింది కనుక నాకు పని వచ్చింది. నేను ప్రమాణ సాక్షిని. ఎనభై దాటిన మనిషిని, కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని, గంగాధరం మాస్టారంటే ఈ చుట్టుపక్కల తెలుసు. పెరట్లో సింహం తిరుగుతున్న వీడియోను ఎవడుపడితే వాడు కూర్చున్నచోట తయారుచేసే కాలం వచ్చాక, ఫోటోలనూ వీడియోలనూ ఏ ఆఫీసూ నమ్మడం మానేసింది. అప్పుడు ప్రభుత్వానికి మనిషి కన్నూ మనిషి నోరూ గుర్తొచ్చాయి. చూసినవాడు ప్రమాణం చేసి నోటితో చెప్పాలి, అదే సాక్ష్యం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను చెప్పినదాన్ని మా ప్రిన్సిపాల్ ఒక్కరోజు నమ్మలేదు. ఇప్పుడు నమ్మాలని చట్టమే ఉంది. ఆయన పోయాడు, అదే విచారం.

చెప్పిన మాటను రాసుకునేది గుమాస్తా. ఇదివరకు మనిషి ఉండేవాడు, ఈ ఏడాదే యంత్రాన్ని పెట్టారు. తాయెత్తంత ఉంటుంది, మెడలో వేలాడుతుంది. ఏ మెడలో ఉంటే ఆ గొంతును తప్ప మరి దేన్నీ వినదు. దానికి ఏదో ఘనమైన పేరుంది గాని జనం గుమాస్తా అనే అంటారు. విన్నది రాసుకుంటుంది, అర్థం చేసుకోదు కనుక.

నేను చూడాల్సిన చోటు మిగులు. ఒకప్పుడు మహా సరస్సు. కొంత సముద్రం తీసుకుంది, కొంత రొయ్యల చెరువులు తీసుకున్నాయి, మిగిలిన ముక్క మిగులు. శరత్తులో మూడు నడకలు నడవాలి. దూరదేశం నుంచి దానంతటది ఎగిరొచ్చిన వన్యపక్షిని మూడింటిలో ఒక్కసారైనా చూశానని నేను చెబితే నీళ్లు పక్షులవి. లేదంటే నీళ్లు యంత్రశాలకు పోతాయి. అక్కడ ఈ రాష్ట్రంలోని గుమాస్తాలన్నిటి బుర్రా ఒకేచోట వేడెక్కుతూ ఉంటుంది, దాన్ని చల్లార్చాలి. అంటే నా సాక్ష్యాన్ని రాసుకునే బుర్రే ఈ నీళ్ల కోసం కాచుకుని ఉంది. దీన్ని నిష్పాక్షికత అంటారు. ఆ మాటకు పక్షులు లేకుండా చేయడం అని అర్థమని ఇన్నాళ్లూ నాకు తట్టలేదు.

నడక అని పేరేగాని ముప్పాతిక వంతు దోనె మీదే. దోనె నాంచారమ్మది. మిగులు నడుమనున్న లంక వాళ్లది, అరవై గడపలు, అందరూ వలల మీద బతికేవాళ్లే. నీళ్లు పోతే లంక పోతుంది.

"ఈసారి ఏదో ఒకటి సూసి సెప్పేయండి మాస్టారండీ. లేకపోయినా సెప్పేయండి," అంది గడ వేస్తూ.

"ప్రమాణం చేశానమ్మా."

"మా ఆయనా సేశాడు, తాగనని. నోరేమీ పడిపోలేదు."

దారిలో పర్యాటక శాఖవారి యంత్రపు కొంగలు కనపడ్డాయి. అద్దాల పడవలో వచ్చేవాళ్ల కోసం పెట్టారు. అన్నీ ఒంటికాలి మీదే నిలబడతాయి. రెండో కాలిని బడ్జెట్లో కొట్టేశారు.

"అది తెల్లారగట్ల నించి అదే సేపని మింగుతాంది," అంది నాంచారమ్మ. "మింగుతాది, కక్కుతాది, మళ్లీ అదే మింగుతాది. మా మామగారు కతలు సెప్పినట్టు."

జమ్ము దుబ్బులు దాటి మలుపు తిరిగాక నీళ్ల మీద నల్లటి మచ్చలు కనిపించాయి. దుర్భిణీ ఎత్తాను. మచ్చలు తలలూపుతున్నాయి. నల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు, నుదుట నిలువుగా తెల్లటి నామం. పంక్తి భోజనాల్లో వడ్డన ఆలస్యమైనప్పుడు నామాలవారు అచ్చం అలాగే చూస్తారు. నామం కోళ్లు. ఎన్ని కొండలకు అవతలి నుంచో వచ్చాయి. వాటికి ఋతువుల శాఖ గురించి ఎవరూ చెప్పలేదు కాబోలు, మంత్రిగారు మీట నొక్కకముందే బయల్దేరాయి.

నా కళ్లు చెమర్చాయని నాంచారమ్మ లంకంతా చెప్పుకుందట. అది ఉక్కపోత.

"నామం కోళ్లు, నలభైకి పైన," అన్నాను గుమాస్తాతో.

"నమోదైంది," అంది.

2. గురువారం

పళ్లు తోముకుంటూండగా గుమాస్తా మాట్లాడింది.

"గంగాధరం గారూ, మీ కోళ్లకు టీకాలు వేయించారా?"

"నా దగ్గర కోళ్లు లేవు."

"సోమవారం మీ వాంగ్మూలం ప్రకారం మీ కోళ్లు నలభైకి పైన నీళ్లలో ఉన్నాయి. కోళ్లను నీళ్లలో ఉంచడం జీవహింస. కోళ్ల శాఖకు తెలియజేయడమైనది."

నోరు పుక్కిలించి నీటి కేటాయింపు ఆఫీసుకు వెళ్లాను. అక్కడి అధికారి లహరి. మంచి పిల్లే, ఏ తప్పు చేసినా నవ్వుతూ చేస్తుంది.

"సార్, మీరు నామం కోళ్లు అన్నారు. రికార్డులో క్లియర్‌గా ఉంది. మొదటి నడకలో వన్యపక్షులు సున్నా."

"నామం కోడి కోడి కాదు తల్లీ."

"మరి కోడి అని ఎందుకంటారు సార్?"

"కుక్కగొడుగును కుక్క పట్టుకు తిరుగుతుందా?"

ఆ అమ్మాయి కంప్యూటర్లో వెతికింది. "పుట్టగొడుగులు వేరే సెక్షన్ సార్," అంది.

ఇంగ్లీషు పేరు చెబుతానన్నాను. కుదరదట. పేర్ల మండలి ఆమోదించిన తెలుగు పేరు తప్ప మరొకటి చెల్లదని తీర్మానం ఉంది. ఆ తీర్మానం ప్రతిపాదించింది నేనే. ఇప్పటికీ అది సరైన తీర్మానమే, యంత్రానికి బుద్ధి లేకపోతే తెలుగుదా తప్పు?

ముప్పై ఏళ్ల కిందట పేర్ల మండలిలో నాకూ ఆచార్య సోమంచి విద్యానాథానికీ జరిగిన యుద్ధం ఈ తరానికి తెలియదు. పక్షులకు సంస్కృతంలో పేర్లు పెట్టాలని ఆయన వాదన. వలలు పట్టేవాళ్లు, గట్ల మీద నడిచేవాళ్లు పిలిచే పేర్లే ఉండాలని నాది. నామం కోడికి ఆయన చేసిన నామకరణం శ్వేతలలాటజలకుక్కుటం. ఆ పేరు పలికేలోపు పిట్ట మునిగి, మేసి, తేలి, వలస కూడా పోతుందని నిండు సభలో అన్నాను. జనం నవ్వారు, నేను గెలిచాను. ఆయన పేర్లను కనీసం పర్యాయపదాలుగానైనా చేర్చమని మిగతా సభ్యులు అన్నారు. ఏకగ్రీవం ఉంటేనే చేర్చాలని నిబంధన. నేనొక్కణ్ని అభ్యంతరం చెప్పాను. ఈనాటికీ అది అలాగే ఉంది, చెక్కుచెదరకుండా. నేను కట్టిన వాటిలో కూలనిది అదొక్కటే.

"సార్, ఆ సంస్కృతం పేరులో కోడి లేదు కదా," అంది లహరి కంప్యూటర్ చూస్తూ. "మీ అభ్యంతరం ఒక్కటే అడ్డు. విద్యానాథంగారి ఎదుట వెనక్కి తీసుకుంటే ఈ సాయంత్రమే చేరుస్తాను."

వేరే పిట్టను చూసుకుంటానని చెప్పి వచ్చేశాను.

3. సోమవారం. రెండో నడక.

వేరే పిట్ట ఉంది. ఒకటి కాదు, చాలా ఉన్నాయి. వాటి సంగతి రాస్తాను.

మొదట సూదితోక బాతులు ఎదురయ్యాయి. బాతులు కోళ్ల శాఖ కిందికే వస్తాయంది గుమాస్తా. గుడ్లు రోజుకెన్ని అని కూడా అడిగింది. తర్వాత సముద్రపు కాకి. కాకులు పారిశుధ్య శాఖవి. ఇసుక మేట దగ్గర తెడ్డుమూతి కొంగను చూసి ప్రాణం లేచొచ్చింది, గంభీరంగా పేరు చెప్పాను.

"కొంగలు పర్యాటక శాఖ ఆస్తి," అంది గుమాస్తా. "తెడ్డును ఎవరు బిగించారు?"

మన పూర్వులు ఇంట్లో తిరిగే నాలుగింటి పేర్లు పట్టుకుని నీళ్ల మీద వాలిన ప్రతిదానికీ తగిలించారు. వాళ్లకు పిట్టలు రెండు రకాలే, పులుసులోకి వచ్చేవి, రానివి. అలాంటి జాతిని నేను ముప్పై ఏళ్లుగా వెనకేసుకొస్తున్నాను.

ఒక బుడుబుంగ తేలింది. కోడి, బాతు, కాకి, కొంగ ఏదీ లేని పేరు. చెప్పాను. "స్థానికం. లెక్కలోకి రాదు," అంది గుమాస్తా. ఆ మాట సరిగ్గానే తెలుసు దానికి.

ఇక బురదలో మేసే ఉల్లంకి పిట్ట ఒక్కటే దిక్కు. పేరు శుభ్రంగా ఉంటుంది, ప్రతి ఏటా చలిదేశం నుంచి వస్తుంది. ఈ ఏడు రాలేదు. ఎండ నెత్తికెక్కే దాకా బురదనంతా వెతికాను.

"అదిగో ఉల్లంకి," అంది నాంచారమ్మ.

"అది మట్టిగడ్డ."

"గుమాస్తాకి కళ్లు లేవు కదండీ."

"నాకున్నాయి."

"ఉంటే ఏం లాభం. మొన్న కళ్లారా సూశారు, నోటితో కోళ్లని సెప్పారు. మీరు సదూకున్నోరు, అరవై గడపలని రెండు మాటల్లో ముంచేశారు."

గట్టు మీద పెద్ద గొట్టాలు దించుతున్నారు. మూడో నడక ఇంకా ఉందిగా అని అడిగాను. ముందుజాగ్రత్తండీ, అన్నాడు అక్కడున్న మేస్త్రీ.

తిరిగి వస్తూంటే నాంచారమ్మ ఒక్కమాట మాట్లాడలేదు. ఆమె తిడుతూంటేనే దోనె ప్రయాణం హాయిగా ఉంటుంది.

"ఇంకో పేరు ఉందట," అన్నాను చివరికి. "దానికోసం ఒకాయన దగ్గరికి వెళ్లాలి."

"దూరమాండీ?"

"కాదు. పక్క వీధే."

"మరి?"

మరి ఏమిటో ఆమెకు చెప్పలేదు. చెబితే నవ్వుతుంది, నవ్వడం న్యాయం కూడా.

4. మంగళవారం

విద్యానాథం వృద్ధ పండితుల నివాసంలో ఉంటున్నాడు. అక్కడ ఉండడానికి పండితుడన్న ధ్రువపత్రం కావాలి, అందుకే నేను మా ఇంట్లో ఉంటున్నాను.

"రండి గంగాధరంగారూ. ముప్పై ఏళ్లు పట్టింది. మా మెట్లు అంత ఎత్తని నాకు తెలియదు."

"లిఫ్టు ఉందిగా."

"ఉంది. అయినా ముప్పై ఏళ్లు పట్టింది."

సంగతంతా ఆయనకు ముందే తెలుసు. లహరి చెప్పిందట, నవ్వుతూ. ఆయన కాఫీ తెప్పించాడు, చల్లారేదాకా వాతావరణం గురించి మాట్లాడాడు, నా మోకాళ్ల గురించి వాకబు చేశాడు. పగవాడు మర్యాద చేస్తూంటే కూర్చోవడం కన్నా దోనెలోంచి పడిపోవడం మేలు.

నేను గుమాస్తాను మెడలోంచి తీసి, వంటగదిలో ఆయన బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించి వచ్చాను.

"ఒక్క సందేహం. కుక్కుటం అంటే ఏమిటండీ?"

"కోడి," అన్నాడు.

"అంటే మీరూ కోడే అన్నారు."

"అన్నాను. అయితే నేనన్న సంగతి ఆ యంత్రానికి తెలియాలంటే సంస్కృతం వచ్చినవాడొకడు చెప్పాలి. ఉన్నది మనిద్దరం. నేను చెప్పను. మీరు చెబుతారా?"

ముప్పై ఏళ్లలో ఆయన అన్న మొదటి తెలివైన మాట ఇది. అది నా అవసరానికి పనికొచ్చేది కావడం మరీ బాధ.

"ఇంతకీ ఆ పిట్టను ఎప్పుడైనా చూశారా?" అన్నాను.

శాలువా సర్దుకున్నాడు. "నిఘంటువులో."

"మీరు పేరు పెట్టిన మూడువందల్లో దేన్ని చూశారు?"

"కాకిని," అన్నాడు. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. "నాకొక షరతు ఉంది. ఆ పదాన్ని మొట్టమొదట పలికేది నేనే కావాలి. మండలి సభ్యుడూ ప్రమాణ సాక్షే, చట్టంలో ఉంది. మూడో నడకకు నేను వస్తాను. గుమాస్తా నా మెడలో ఉండాలి."

"దోనె ఎక్కగలరా?"

"మీరు మా మెట్లు ఎక్కలేదా?"

గుమాస్తాను డబ్బాలోంచి తీసి, బియ్యం దులిపి, ఆయన ఎదుటే మెడలో వేసుకుని నా అభ్యంతరం ఉపసంహరించుకుంటున్నానని చెప్పాను. ఉపసంహరణ అన్నది కూడా సంస్కృతమే, నోట్లో చేదుమాత్రలా తిరిగింది. విద్యానాథం నవ్వలేదు. నవ్వితే బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది.

5. సోమవారం. మూడో నడక.

విద్యానాథం పట్టుపంచె కట్టి, శాలువా కప్పి రేవుకు వచ్చాడు.

"పంతులుగారు పెళ్లి సేయించడానికాండీ?" అంది నాంచారమ్మ.

"నామకరణం," అన్నాడు ఆయన.

దోనెలో కూర్చున్నప్పటినుంచీ రెండు అంచులూ గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని పెదవులు కదుపుతూనే ఉన్నాడు. ఏదో స్తోత్రం అనుకున్నాను. చెవి దగ్గరపెట్టి విన్నాను. శ్వేతలలాటజలకుక్కుటం, శ్వేతలలాటజలకుక్కుటం. పరీక్షకు వెళ్లే విద్యార్థిలా వల్లిస్తున్నాడు.

మొన్నటి మలుపు దగ్గర నీళ్లు ఖాళీగా ఉన్నాయి. గట్టు మీద గొట్టాలు బిగించేశారు, నోళ్లు నీళ్ల వైపే తిప్పి ఉన్నాయి. ఆ చప్పుళ్లకు పిట్టలు జరిగిపోయినట్టున్నాయి. నాంచారమ్మ గుర్రపుడెక్కను చీల్చుకుంటూ దోనెను లోపలికి పోనిచ్చింది. ఒక మడుగు చూశాం, లేవు. ఇంకో మడుగు చూశాం, లేవు. ఆమె తిట్లు కూడా ఆగిపోయాయి. సాయంత్రానికి సాక్ష్యం లేకపోతే రాత్రికే మోటార్లు వేస్తారని రేవులో ఎవరో అన్నారు. విద్యానాథం మాత్రం వల్లిస్తూనే ఉన్నాడు.

కిక్కిస పొదల వెనక బాకా ఊదినట్టు చిన్న కూత వినపడింది. నాంచారమ్మ గడను గుచ్చి దోనె ఆపింది. వల్లించడం ఆపమని సైగ చేసి, గుమాస్తాను నా మెడలోంచి తీసి ఆయన మెడలో వేశాను. రెల్లును పక్కకు వంచాను.

ఉన్నాయి. మొన్నటికన్నా ఎక్కువ.

"చూడండి," అన్నాను మెల్లగా.

విద్యానాథం కళ్లు తెరిచాడు. సరిగ్గా అప్పుడే పైన గద్ద నీడ పడింది. మందంతా ఒక్కసారిగా లేచింది. అవి లేవడం ఎగరడం కాదు, నీళ్ల మీద పరుగెత్తడం. పాదాలతో టపటపా కొట్టుకుంటూ, నీళ్లు చిమ్ముకుంటూ, నామాలన్నీ ఒకే దిక్కుకు పెట్టి, మా దోనె ముందునుంచే వెళ్లాయి. తుంపర ఆయన శాలువా మీద పడింది. ఆయన అంచులు వదిలేశాడు. ముఖం చూశాను. ఎనభై నాలుగేళ్ల ముఖంలో వయసు ఎక్కడా లేదు.

"ఓరి వీటి దుంపతెగ," అన్నాడు ఆచార్య సోమంచి విద్యానాథం, "ఎంచక్కా నామం..."

"పేరు అసంపూర్ణం," అంది ఆయన మెడలోని గుమాస్తా. "పూర్తి చేయండి."

"నామం పెట్టుకున్న కో..."

చేత్తో ఆయన నోరు మూశాను. దోనె ఒరిగింది.

"కూకోండి ఇద్దరూ," అని అరిచింది నాంచారమ్మ. "మీ కొట్లాటకి నా దోనే దొరికిందా."

ఆయన నా చేతికింద గింజుకున్నాడు. ముప్పై ఏళ్లుగా నేను ఎదురుచూసిన మాట, ఏ సభలోనూ ఏ పుస్తకంలోనూ ఆయన చేత అనిపించలేకపోయిన మాట, ఒక్క పిట్టను చూడగానే దానంతటది ఆయన నోట్లోకి వచ్చింది. దాన్ని నేనే నా అరచేత్తో లోపలికి నొక్కుతున్నాను. చెవిలో చెప్పాను, "మీ పదం అనండి. మీ పదం." చెయ్యి తీశాను.

ఆయన నా వైపు తిరిగాడు. కళ్లలో నీళ్లు, భయం. పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. దారంతా వల్లించిన పదం పిట్టలతోపాటు ఎగిరిపోయింది.

"పేరు అసంపూర్ణం," అంది గుమాస్తా.

నాకు గుర్తుంది. ఎందుకు గుర్తుండదు. ముప్పై ఏళ్లుగా కనపడ్డవాడికల్లా వెక్కిరించి చెప్పిన పదం. ఈ భూమి మీద దాన్ని తడుముకోకుండా పలకగలిగినవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను.

"శ్వేత," అన్నాను.

"శ్వేత," అన్నాడు.

"లలాట."

"లలాట."

"జల."

"జల."

మిగిలిన ముక్క కూడా చెప్పాను. ఆయన స్పష్టంగా, ఒత్తు పలికి మరీ అన్నాడు.

"శ్వేతలలాటజలకుక్కుటం. వన్యపక్షి. వలసపక్షి. నమోదైంది," అంది గుమాస్తా. "సూర్యాస్తమయం దాకా సాక్ష్యాన్ని సవరించుకోవచ్చు."

నాంచారమ్మ గడ మీద వాలింది. "అంత పొడుగు పేరేంటండీ," అంది తర్వాత, ముక్కు చీదుకుని. "పులుసు పెట్టుకునేవోళ్లకి నోరు తిరగొద్దూ."

తిరుగు దారిలో ఎండ పసుపు రంగుకు మళ్లింది. గొట్టాల దగ్గర మేస్త్రీకి కబురు అందినట్టుంది, తిడుతూ మరలు విప్పుతున్నాడు. విద్యానాథం తడిసిన శాలువాను ఒళ్లో పెట్టుకుని వెనక్కి తిరిగి ఆ పొదలవైపే చూస్తున్నాడు. రేవు దగ్గరపడుతూండగా అడిగాడు.

"గంగాధరంగారూ, ఇందాక అవి లేచినప్పుడు నేను మొదట ఏదో అన్నాను. భలే బాగుందనిపించింది. ఏమిటది?"

నాంచారమ్మ గడ వేయడం ఆపి నా ముఖంలోకి చూసింది. చెబితే ఆయన ఒప్పుకుంటాడు. అంతటితో ఆగడు, సంతోషంగా మళ్లీ అంటాడు, గట్టిగా అంటాడు. గుమాస్తా ఆయన మెడలోనే ఉంది. పొద్దు ఇంకా గూకలేదు.

"దగ్గారు," అన్నాను.